చెవుల్లో ఆగని మోత... చుక్కల మందుతో తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 46 ఏళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఏడాదిగా రెండు చెవుల్లోనూ ‘కుయ్’మని మోత వస్తోంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. టీవీ సౌండ్ బాగా పెంచుతున్నానని ఇంట్లో విసుక్కుంటున్నారు. చుక్కల మందు, మాత్రలు వాడినా గుణం కనిపించలేదు. పూర్తిగా చెవుడు వస్తుందేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ లక్షణాలను, చేస్తున్న పనిని కలిపి చూస్తే ఇది పెద్ద శబ్దాల వల్ల వచ్చిన వినికిడి లోపం, దానితోపాటు మొదలైన టినిటస్ (చెవిలో మోత) అయ్యే అవకాశమే ఎక్కువ. రేకు మీద పడే సుత్తి దెబ్బలు, గ్రైండర్ మోత లోపలి చెవిలోని రోమ కణాలను ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా దెబ్బతీస్తాయి. ఒకసారి చనిపోయిన కణాలు మళ్లీ పుట్టవు. సాధారణంగా 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే సన్నని, కీచు ధ్వనులను గ్రహించే కణాలు ముందుగా పోతాయి కాబట్టి, ఎదుటివారి గొంతు వినిపిస్తూనే ఉన్నా స, త, క వంటి అక్షరాలు జారిపోయి మాట అర్థం కాదు. టీవీ సౌండ్ ఎంత పెంచినా స్పష్టత రాకపోవడానికి కారణం ఇదే.

చుక్కల మందు కర్ణభేరి దాటి లోపలి చెవికి చేరదు. టినిటస్‌ను నయం చేస్తుందని రుజువైన మాత్ర కూడా ఇప్పటివరకు లేదు కనుక, వాటి మీద ఇంకా డబ్బు ఖర్చు పెట్టవద్దని నా సలహా. ముందుగా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకుని, గుబిలి వంటి కారణాలేవీ లేవని తేల్చుకుని, ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించుకోండి. ఆ పరీక్షకు సెలవు రోజు మర్నాడు, పనిలోకి దిగకముందే వెళ్లండి. మోతలో పనిచేసి నేరుగా వెళితే చెవి తాత్కాలికంగా మొద్దుబారి లోపం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

లోపం ఉందని తేలితే వినికిడి యంత్రం పెట్టుకోవడానికి మొహమాటపడకండి. బయటి శబ్దాలు బాగా అందితే చాలామందికి లోపలి మోత అంతగా తెలియదు. రాత్రిపూట నిశ్శబ్దంలో అది మరీ పెద్దదిగా అనిపిస్తుంది కాబట్టి, ఫ్యాను చప్పుడో, సన్నని సంగీతమో మోత కంటే కాస్త తక్కువ స్థాయిలో ఉండనివ్వండి. నిద్ర, మనసు రెండూ పాడవుతున్నాయనిపిస్తే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే కౌన్సెలింగ్ ఉపయోగపడుతుంది; మోత పోకపోయినా దాని వల్ల పడే బాధను అది తగ్గిస్తుంది.

కేవలం శబ్దం వల్ల పూర్తి చెవుడు రావడం అరుదు. పనిచేసే చోటి మోతకు దూరమైతే దాని వల్ల జరిగే నష్టం దాదాపుగా అక్కడితో ఆగుతుంది, వయసుతో వచ్చే తగ్గుదల మాత్రం వేరు. 85 డెసిబెల్స్ (శబ్ద తీవ్రత కొలత) మోతలో రోజుకు 8 గంటల వరకు ఉండవచ్చనుకుంటే, 100 డెసిబెల్స్‌కు ఆ పరిమితి 15 నిమిషాలే. చాలామంది చెవిలో దూది పెట్టుకుని ధైర్యంగా ఉంటారు గానీ, దూది ఆపేది చాలా తక్కువ. సరిగ్గా బిగిసే ఇయర్ ప్లగ్‌లు గానీ ఇయర్ మఫ్‌లు గానీ వాడండి.

ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోతే మాత్రం అదే రోజు డాక్టరును కలవాలి. స్టెరాయిడ్ చికిత్స మొదటి రెండు వారాల్లోపే బాగా పనిచేస్తుంది. మోత ఒక చెవిలోనే ఉన్నా, నాడి కొట్టుకున్నట్టు వినిపించినా, కళ్లు తిరుగుతున్నా ఆలస్యం చేయవద్దు.

శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం ఈఎస్ఐ (కార్మికుల బీమా) కింద గుర్తించే వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. మీకు ఈఎస్ఐ కార్డు ఉంటే గుణదలలోని ఈఎస్ఐ ఆసుపత్రిలో చూపించుకుని, ఎన్నేళ్లుగా ఏ పని చేస్తున్నారో కేసు షీటులో రాయించి, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష ఫలితం) కాగితాన్ని దాచుకోండి.