పిల్లల టీకా కార్డును సూట్‌కేసులో పెట్టొద్దు

అమెరికాకు బయల్దేరే మన కడప, కర్నూలు, అనంతపురం వాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది పచ్చళ్లు, పొడుల గురించే. పిల్లల టీకా కార్డు సంగతి ఎవరూ ఎత్తరు. ఏఎన్ఎం రాసిచ్చిన ఆ కార్డు పాస్‌పోర్టులతో పాటు చేతిసంచిలో ఉండాలి. స్కూల్లో చేర్చేటప్పుడు అది చూపించక తప్పదు.

టిక్కు పెట్టి వదిలేసిన చోటల్లా తేదీ రాయించుకోండి. తేదీ లేకపోతే అక్కడ ఆ టీకా వేసినట్టు లెక్కపెట్టరు. ఇంకో చిక్కు, అక్కడ నెల ముందు, తేదీ తర్వాత రాస్తారు. మనం ఆగస్టు 5కి 05/08 అని రాస్తే వాళ్లు మే 8 అని చదువుకుంటారు. అందుకే మీ పిల్లల డాక్టరు చేత లెటర్‌హెడ్ మీద, ఇంగ్లీషులో, నెల పేరు అక్షరాల్లో రాయించి సీలు వేయించుకోండి.

మన సర్కారు ఆసుపత్రుల్లో 9 నెలలకు వేసేది ఎంఆర్, అంటే తట్టు, రుబెల్లాలకు. అక్కడ అడిగేది ఎంఎంఆర్. అందులో గవదబిళ్లల టీకా కూడా కలుస్తుంది. పైగా ఏడాది నిండక ముందు వేసిన డోసు లెక్కలోకి రాదు. ఆటలమ్మ టీకా మన ప్రభుత్వ జాబితాలోనే లేదు. కాబట్టి మళ్లీ సూదులు వేస్తామంటే 'అన్నీ వేయించాం కదా' అని వాదనకు దిగొద్దు. టీబీ రాకుండా వేసే బీసీజీ టీకా సంగతి మాత్రం మీరే ముందు చెప్పాలి. అక్కడ దాన్ని మామూలుగా వెయ్యరు. అది వేసిన బిడ్డకు టీబీ చర్మ పరీక్ష పాజిటివ్ రావచ్చు. హడలిపోకుండా, రెండేళ్లు దాటిన బిడ్డయితే రక్త పరీక్ష చేయమని అడగండి.

మనకు జ్వరమొస్తేనే డాక్టరు. అక్కడ బాగున్న బిడ్డనే చూపించాలి. పుట్టిన మొదటి వారంలో ఒకసారి, తర్వాత 1, 2, 4, 6, 9, 12, 15, 18, 24, 30 నెలలకు, మూడేళ్ల నుంచి ఏటా. మీ ఇన్సూరెన్సు జాబితాలో ఉన్న (నెట్‌వర్క్) డాక్టరయితే చాలా ఇన్సూరెన్సుల్లో వీటికి కోపే, అంటే మీ చేతి నుంచి కట్టే వాటా, ఉండదు. అదే విజిట్‌లో వేరే జబ్బు గురించి అడిగితే విడిగా బిల్లు రావచ్చు. అక్కడే పుట్టిన బిడ్డ పేరును 30 రోజుల్లోపు ఆఫీసు ఇన్సూరెన్సులో చేర్పించండి. 18, 24 నెలలకు ఆటిజం ప్రశ్నల కాగితం ఇస్తారు. 'మా ఇంట్లో అందరూ ఆలస్యంగానే మాట్లాడారు' అనుకుని అన్నిటికీ బాగుందని టిక్కు పెట్టేయకండి.

అనంతపురం పల్లెల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగి పళ్ల మీద మచ్చలు పడిన పిల్లలయితే డెంటిస్టుకు ముందే చెప్పండి. అక్కడ పళ్లకు మంచిదని కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కలిపే ఊళ్లు చాలా ఉన్నాయి!

పురిటికి అమ్మమ్మలో, నాయనమ్మలో వస్తే తేనె, కాటుక కూడా వెంట వస్తాయి. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించొద్దు, బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు వచ్చే ప్రమాదముంది. కాటుకలో సీసం ఉండొచ్చు. ఈ మాట మీరంటే గొడవ. పెద్దావిడను చెకప్‌కు తీసుకెళ్లి డాక్టరు చేతే చెప్పించండి.

ఇక 11, 12 ఏళ్లకు మళ్లీ టీకాలుంటాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ లాంటివి రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా అమ్మాయిలకే కాదు, అబ్బాయిలకూ వేస్తారు. ఆ వయసులో డాక్టరు మిమ్మల్ని కాసేపు బయట కూర్చోమంటారు. నిద్ర, దిగులు, సిగరెట్టు లాంటివి పిల్లలతో విడిగా మాట్లాడతారు. ఏం అడిగారని కార్లో ఆరా తీయకండి. మరుసటి ఏడు ఆ పిల్ల అక్కడ నోరు విప్పదు.