ఆరోగ్యశ్రీ సేవలను ప్రైవేటు ఆసుపత్రులు మధ్యమధ్యలో ఎందుకు ఆపేస్తాయి?

ప్రధానంగా, ప్రభుత్వం నుంచి రావాల్సిన బకాయిలు పేరుకుపోవడం వల్ల. పథకం కింద చేసే చికిత్సకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆసుపత్రి ముందు తన ఖర్చుతో వైద్యం చేసి, డిశ్చార్జి తర్వాత క్లెయిము పెట్టుకోవాలి. గుండెకు స్టెంటు వేస్తే దాని డబ్బా మీది స్టిక్కరు, ఆంజియోగ్రామ్ చిత్రాలతో సహా అప్‌లోడ్ చేయాలి. ఒక్క కాగితం తగ్గినా క్లెయిము ఆగిపోవచ్చు. అన్నీ సరిగ్గా ఉండి ఆమోదం వచ్చినా, నిధులు విడుదలైతేనే డబ్బు చేతికొస్తుంది.

ఉదాహరణకు, నెలకు 40 లక్షల రూపాయల క్లెయిములు పెట్టే ఆసుపత్రికి 6 నెలలు చెల్లింపు రాకపోతే 2.4 కోట్లు నిలిచిపోతాయి. జీతాలు, కరెంటు బిల్లు మాత్రం నెలనెలా కట్టాల్సిందే. అరువు మీద స్టెంట్లు, మందులు ఇచ్చే డీలరు పాత బాకీ తీరేదాకా సరుకు పంపడు. నగదు కట్టే రోగులు తక్కువగా ఉండే చిన్న పట్టణాల ఆసుపత్రులకే ముందు దెబ్బ తగులుతుంది.

తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది కాబట్టి ఆసుపత్రులకు రెట్టింపు ముడుతోందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. 10 లక్షలు ఒక కుటుంబం ఏడాదిలో వాడుకోగల గరిష్ఠ మొత్తం. ఆసుపత్రికి దక్కేది ఆ చికిత్సకు నిర్ణయించిన ప్యాకేజీ ధరే.