నాయినకు సర్పి (షింగిల్స్) లేచింది, సుగర్ ఉన్నది, నొప్పుల గోలీలు మింగుతడు. అసైక్లోవిర్ వేయొచ్చా?

అన్నా, మీరు రాసింది చదివిన. నిన్న మీ నాయినకు నడుముకు ఒక పక్క పొక్కులు లేచినయి, ఊర్లె డాక్టరు అసైక్లోవిర్ 800 రోజుకు ఐదు గోలీలు ఇచ్చిండు, సుగర్ ఉన్నది, మోకాళ్లకు డైక్లోఫెనాక్ ఏండ్లసంది మింగుతున్నడు. ఇన్నిటి మీద ఇది వేయొచ్చా, నొప్పి తగ్గితే ఆపొచ్చా అని అడిగిండ్రు.

వేయాలె, అదీ జల్ది వేయాలె. కానీ ఇయ్యాల్నే రక్తం ఇచ్చి క్రియాటినిన్ (కిడ్నీలు ఎట్ల పనిచేస్తున్నయో చెప్పే పరీక్ష) చూపించండి. డైక్లోఫెనాక్ మాత్రం పెద్ద డాక్టరును కలిసేదాక పక్కన పెట్టండి.

నేను డాక్టరును కాను. మా మామకు పోయిన ఎండకాలం ఇదే లేస్తే నేనే ఎంబడి తిరిగిన. మాది నల్లగొండ జిల్లా నాంపల్లి మండలం. మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరానికి నడుము, మోకాళ్లు పట్టేసుడు, నొప్పుల గోలి మింగుడు అన్నంతో సమానం. సుగర్, బీపీ పక్కకు ఉండనే ఉంటయి. కిడ్నీలు లోపల్లోపల ఎంత అరిగినయో పరీక్ష చేస్తే తప్ప తెల్వది.

నల్లగొండల చర్మం డాక్టరు సారు పొక్కులు చూడకముందే "ఏమేం గోలీలు మింగుతడు, అన్నీ బయట పెట్టు" అన్నడు. అందుకే చెప్తున్న, చీటీ ఒక్కటే కాదు, ఇంట్ల ఉన్న గోలీలన్నీ ఒక కవర్ల వేసుకొని పోండి. మామకు క్రియాటినిన్ 1.4 వచ్చింది. చూస్తే పెద్ద లెక్క అనిపించలే. సారు వయసు 70, బరువు 48 కిలోలు వేసి లెక్క తీస్తే కిడ్నీ వడపోత నిమిషానికి 33 మిల్లీలీటర్లే అని తేలింది. బక్కపల్చటి ముసలోళ్లకు ఉత్త క్రియాటినిన్ అంకె చూసి బాగున్నది అనుకోవద్దన్నడు. వాలసైక్లోవిర్ (ఒంట్లకు పోయినంక అసైక్లోవిర్‌గ మారే మందు) 1000 మామూలుగా దినానికి మూడుసార్లు ఏడు రోజులు ఇస్తరు, మామకు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాసిండు. అసైక్లోవిర్ 800 అయితే వడపోత 25 కంటే కిందికి పోయినోళ్లకు ఐదుసార్లకు బదులు మూడుసార్లు, 10 కంటే తక్కువైతే రెండుసార్లు. ఆ లెక్క డాక్టరు చేయాలె, మనం కాదు.

ఎందుకంత జాగ్రత్త అంటే, ఈ మందు మూత్రంలనే బయటికి పోతది. నీళ్లు తక్కువైతే కిడ్నీ గొట్టాల్లో సన్నటి పలుకుల్లెక్క గడ్డ కడతది. నొప్పుల గోలి తోడైతే కిడ్నీకి ఇంకింత దెబ్బ. బయటికి పోక ఒంట్లనే పేరుకుంటే మెదడుకు ఎక్కుతది: మనిషి మత్తుగ ఉంటడు, చేతులు వణుకుతయి, లేనోళ్లు కనపడుతున్నరంటడు, సంబంధం లేని మాటలు మాట్లాడతడు. మనోళ్లు గాలి సోకిందని తాయత్తు కట్టిస్తరు. అట్ల అయితే గోలి ఆపి, గంటల్లోనే దవాఖానకు తీస్కపోవాలె. మూత్రం తగ్గినా అంతే. గుండె జబ్బో, కాళ్ల వాపో ఉండి నీళ్లు తక్కువ తాగమన్నోళ్లు తప్ప, మిగిలినోళ్లు మూత్రం తెల్లగ వచ్చేటట్టు తాగుతనే ఉండాలె. మామ నీళ్లు తాగడు, చాయ్ తాగుతడు. సల్ల, గంజి ఇచ్చి సరిచేసినం.

జల్ది అని ఎందుకన్ననంటే, ఈ మందు వైరస్‌ను చంపదు, పెరగకుండ ఆపుతది. పొక్కులు లేచిన 72 గంటల లోపల మొదలుపెడితే లాభం ఎక్కువ. మెచ్చుకోవాల్సిన మందే ఇది, వైరస్ సొంత ఎంజైమే దాన్ని పని చేయిస్తది, మంచి కణాల జోలికి ఎక్కువ పోదు. దీని తయారీల పాలున్న గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988ల నోబెల్ వచ్చింది. మా అత్తమ్మ జాజు (ఎర్రమన్ను) పూయిస్తనన్నది. పూస్తే డాక్టరుకు పొక్కులు కనపడవు అత్తమ్మా, ముందు చూపించి వద్దాం అంటే ఒప్పుకున్నది. జాజు, యాపాకు అనుకుంట ఆ మూడు దినాలు పోగొట్టుకునేటోళ్లే ఎక్కువ. అసైక్లోవిర్ ట్యూబు సర్పికి పనికిరాదు, మెడికల్ షాపుల అంటగడితే పైసలు దండుగ. స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు అసలే పూయొద్దు.

ఐదు గోలీలైతే పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 అని పెట్టుకోండి. అన్నం తిన్నా తినకున్నా వేయొచ్చు. ఒకటి మరిస్తే యాదికొచ్చినప్పుడు వేయండి, రెండు కలిపి వేయొద్దు. మంట తగ్గింది, పొక్కులు ఎండినయి అని నడుమ ఆపొద్దు, రాసినన్ని రోజులు అయిపోవాలె.

నొప్పికి పారాసిటమాల్ అడగండి. నరాల మంటకు గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ రాస్తరు. అవి కూడా మూత్రంలనే పోతయి, కిడ్నీ లెక్క వాటికీ కావాలె, పైగా నిద్రమత్తు, రాత్రి బాత్రూంకు లేస్తే పట్టుకోండి. సుగర్‌కు వేసే మెట్‌ఫార్మిన్ సంగతి కూడా అదే పూట అడగండి. హెచ్ఐవీ పరీక్ష రాస్తే మనసుల పెట్టుకోవద్దు, రోగ నిరోధక శక్తి తగ్గినోళ్లకు సర్పి ఎక్కువగ వస్తది కాబట్టి రాస్తరు.

పొక్కులు నడుముకే ఉన్నయి కాబట్టి నయం. నొసటి మీద, కంటి చుట్టు, ముక్కు కొసకు లేస్తే అదే రోజు కండ్ల డాక్టరు దగ్గర ఉండాలె. చెవిల లేచి మూతి వంకర పోయినా అంతే. పొక్కులు చెక్కులు కట్టేదాక బాలింతలు, అమ్మవారు (చికెన్‌పాక్స్) పోయని చిన్న పిల్లలు, కడుపుతో ఉన్నోళ్లు దగ్గర పండుకోవద్దు. వాళ్లకు సర్పి అంటదు, అమ్మవారు పోస్తది, రెండిటికీ వైరస్ ఒకటే.

మీ అమ్మకు 50 దాటినయా? సర్పి రాకుండ వేసే షింగ్రిక్స్ అనే టీకా 2023ల మన దేశంలకు వచ్చింది, రెండు నుంచి ఆరు నెలల తేడాతో రెండు సూదులు. ధర వేలల్లో ఉంటది. మా అత్తమ్మకు పత్తి పైసలు వచ్చినంక వేయిస్తం.