మాలిక్యులర్ బ్రీడింగ్‌లో మార్కర్ల పరిజ్ఞానం ఎంతవరకు అవసరం?

ప్రశ్న: బీఎస్సీ అగ్రికల్చర్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాలిక్యులర్ బ్రీడింగ్ వైపు వెళ్లాలని ఉంది. డామినెంట్, కో-డామినెంట్ మార్కర్ల జాబితాలు బట్టీ పట్టినా ప్రశ్నల్లో తడబడుతున్నాను. ఉద్యోగంలో వీటితో నిజంగా పని ఉంటుందా?

జవాబు: ఆ ఉద్యోగంలో రోజువారీ పనే ఇది. మార్కర్ అంటే కావలసిన జన్యువు ఆచూకీ చెప్పే డీఎన్‌ఏ గుర్తు, దాని సాయంతో మొక్కలను ఎంచుకోవడమే మాలిక్యులర్ బ్రీడింగ్. మార్కర్ రకాల్లో ఆర్‌ఏపీడీ, ఏఎఫ్‌ఎల్‌పీ డామినెంట్ అనీ, ఎస్‌ఎస్‌ఆర్, ఎస్‌ఎన్‌పీ కో-డామినెంట్ అనీ గుర్తుపెట్టుకోవడం కంటే, విషమయుగ్మజ (ఒక జన్యువుకు రెండు వేర్వేరు రూపాలున్న) మొక్క జెల్‌పై (డీఎన్‌ఏ ముక్కలను బ్యాండ్లుగా వేరుచేసి చూపే పొర) విడిగా కనిపిస్తుందా లేదా అని అడగడం అలవాటు చేసుకోండి. డామినెంట్ మార్కర్‌లో బ్యాండ్ ఉండడం, లేకపోవడం మాత్రమే తెలుస్తుంది కాబట్టి ఎఫ్2 తరం (సంకరణం తర్వాతి రెండో తరం) 3:1గా కనిపిస్తుంది. కో-డామినెంట్‌లో విషమయుగ్మజానికి రెండు బ్యాండ్లూ వస్తాయి కనుక 1:2:1 బయటపడుతుంది.

హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) కలిసి రూపొందించగా 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరినే తీసుకోండి. బ్యాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 జన్యువులను సాంబ మసూరి (బీపీటీ 5204) వరిలోకి చేర్చారు. వీటిలో ఎక్స్‌ఏ21 బహిర్గత (డామినెంట్, ఒక్క ప్రతి ఉన్నా లక్షణం కనిపించే) జన్యువు కావడంతో, ఆత్మపరాగ సంపర్కం తర్వాత తెగులును తట్టుకున్న ప్రతి మూడు మొక్కల్లో సగటున రెండు విషమయుగ్మజాలే ఉంటాయి. తెగులు సోకించి చూసినంత మాత్రాన వాటిని వేరు చేయలేం, పీటీఏ248 వంటి కో-డామినెంట్ మార్కర్ వేరు చేస్తుంది. మిగతా రెండూ అంతర్గత (రిసెసివ్, రెండు ప్రతులుంటేనే లక్షణం కనిపించే) జన్యువులు. బ్యాక్‌క్రాస్ (సంకరాన్ని తిరిగి అసలు రకంతోనే కలపడం) సంతతిలో ఒక్క ప్రతి ఉన్న మొక్క తెగులుకు లొంగిపోతుంది కాబట్టి, మార్కర్ లేకుంటే దాన్ని పనికిరానిదని పారేస్తాం. అయితే బ్యాక్‌క్రాస్ దశలో దాత (తెగులును తట్టుకునే జన్యువునిచ్చిన మొక్క) జన్యువు ఉందా లేదా అన్నదే తేలాలి కాబట్టి, దానికి బ్యాండ్ ఇచ్చే డామినెంట్ మార్కరైనా సరిపోతుంది. పరీక్షల్లో చాలామంది తడబడేది ఇక్కడే.

విత్తన కంపెనీల ల్యాబుల్లో హైబ్రిడ్ విత్తనాల జన్యు స్వచ్ఛతను పరీక్షించేదీ ఎస్‌ఎస్‌ఆర్ వంటి మార్కర్లతోనే. అసలైన హైబ్రిడ్‌లో తల్లి, తండ్రి బ్యాండ్లు రెండూ కనిపించాలి. తల్లి బ్యాండ్ ఒక్కటే ఉంటే అది ఆత్మపరాగ సంపర్కంతో ఏర్పడిన గింజ కావచ్చు. పొలంలో పెంచి చూడడానికి ఒక సీజన్ పట్టే పని ఇలా కొద్ది రోజుల్లో తేలుతుంది.

పీజీకి ఐసీఏఆర్ ప్రవేశ పరీక్షతో జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్ తీసుకోవచ్చు, బయోటెక్నాలజీ కావాలంటే గాట్-బి (బయోటెక్నాలజీ పీజీ ప్రవేశ పరీక్ష) కూడా రాయండి. థీసిస్ విషయంలో మాత్రం చవకగా అవుతుందని ఆర్‌ఏపీడీకి ఒప్పుకోకండి. ఒక ల్యాబులో వచ్చిన బ్యాండ్లు మరో ల్యాబులో తిరిగి రావడం కష్టం, పైగా కంపెనీ ఇంటర్వ్యూలో అడిగేది ఎస్‌ఎస్‌ఆర్, ఎస్‌ఎన్‌పీల గురించే.