ధ్రువపు మొక్కల మీద డాక్టరేటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేశాను. ఆర్కిటిక్ ప్రాంతపు మొక్కల మీద విపరీత వాతావరణం చూపే ప్రభావం గురించీ, దాన్ని కంప్యూటరు మీద నడిచే వాతావరణ మోడళ్లలో లెక్కగట్టే పద్ధతి గురించీ పీహెచ్‌డీ చేయాలని ఉంది. మా నాన్నగారు వరి పండిస్తారు. "చెట్టే మొలవని చోట మొక్కల చదువేమిటమ్మా, చదివితే మన పైరు గురించి చదువు" అంటున్నారు. ఆయనకు ఏమని చెప్పాలి? ఈ పరిశోధనలో అసలు తేలవలసిన విషయం ఏమిటి?
— ఒక విద్యార్థిని, కోవూరు

జవాబు: మీ నాన్నగారి మాటలో సగం నిజముంది. మనం చెట్టు అనుకునేది టండ్రా అనే ధ్రువపు చలి నేలల్లో మొలవదు. నార్వేకు ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లో పెరిగే ధ్రువ విల్లోకు కలప కాండం ఉన్నప్పటికీ, అది నేలను కరుచుకుని సాధారణంగా నాలుగు వేళ్ల మందం కూడా పైకి లేవదు. దాని చుట్టూ నాచులు, శిలీంధ్రమూ శైవలమూ కలిసి పెరిగే లైకెన్లు, దూదిపింజల వంటి గుత్తులు వేసే తుంగజాతి మొక్కలు ఉంటాయి. మరికొంత దక్షిణానికి వస్తే మోకాలెత్తు బిర్చ్ పొదలు కనిపిస్తాయి. కానీ ఈ పొట్టి మొక్కలు దేనిని కప్పుకుని ఉన్నాయో చూడాలి. ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉండే పెర్మాఫ్రాస్ట్ ప్రాంతపు నేలల్లో దాదాపు లక్షన్నర కోట్ల టన్నుల కర్బనం నిలవ ఉంది. వాతావరణంలో ఇప్పుడున్న కర్బనానికి ఇది ఇంచుమించు రెట్టింపు. వేసవిలో పొదల నీడ ఆ నేలను చల్లగా ఉంచుతుంది. చలికాలంలో అవే పొదలు గాలికి కొట్టుకొచ్చే మంచును పట్టి నిలిపి, నేలలోని వెచ్చదనాన్ని బయటికి పోనివ్వవు. కనుక అక్కడ ఏ మొక్క పెరుగుతుంది, ఏది ఎండుతుంది అన్నది ఆ మొక్కతోనే ముగిసిపోయే విషయం కాదు.

1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ ప్రాంతం భూమి సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. 1980ల తొలి ఏళ్ల నుంచి ఉపగ్రహాలు పంపుతున్న చిత్రాల్లో టండ్రా చాలా చోట్ల పచ్చబడుతూ వస్తోంది. వెచ్చబడితే మొక్కలు బాగా పెరుగుతాయి, పెరిగిన మొక్కలు గాలిలోని కార్బన్ డయాక్సైడును ఎక్కువగా పీల్చుకుంటాయి అన్న లెక్క అక్కడిదాకా సరిపోతుంది. అయితే కొన్ని చోట్ల, కొన్ని ఏళ్లలో, అదే నేల ఉన్నట్టుండి గోధుమరంగుకు తిరుగుతోంది. సగటు వేడి పెరుగుతూనే ఉండగా ఇలా ఎందుకు జరుగుతోందన్న ప్రశ్నే మీ పరిశోధనకు ఆయువుపట్టు అని నా అభిప్రాయం.

చలికాలంలో టండ్రా మొక్కకు మంచే దుప్పటి. పైన గాలి సున్నాకు 20, 30 డిగ్రీల దిగువన ఉన్నా, మందమైన మంచు కింద, నేలమట్టాన, చలి అంత తీవ్రంగా ఉండదు. నడి చలికాలంలో నాలుగైదు రోజులపాటు వెచ్చని గాలులు వీచి, ఆపైన వాన కూడా పడితే ఆ దుప్పటి కరిగిపోతుంది. మొక్కలో చలిని తట్టుకునే సన్నద్ధత సడలుతుంది. అంతలోనే చలి తిరిగివస్తుంది. ఆకులు గాలికీ ఎండకూ బయటపడి నీటిని కోల్పోతూ ఉంటాయి, నేల గడ్డకట్టి ఉండడం వల్ల వేళ్లు ఒక్క చుక్కను కూడా పైకి అందించలేవు. చుట్టూ ఉన్నదంతా నీరే అయినా, గడ్డకట్టిన ఆ నీటి నడుమ మొక్క ఎండిపోతుంది. 2007 డిసెంబరులో స్కాండినేవియా ఉత్తర కొసన కొద్దిరోజులే ఉన్న ఇటువంటి వెచ్చదనం వల్ల 1,400 చదరపు కిలోమీటర్లకు పైగా నేలలో మొక్కలు, ముఖ్యంగా క్రోబెర్రీ అనే నేలపొద, దెబ్బతిన్నాయి. 2013 నవంబరులో రష్యాలోని యమాల్ ద్వీపకల్పంలో మంచు మీద వాన పడి, అది గట్టి పలకలా పేరుకుపోవడంతో, కింద ఉన్న మేత అందక సుమారు 61,000 రెయిన్‌డీర్లు ఆకలితో చచ్చిపోయాయి. పశువులను సాకిన ఇంట పుట్టినవారికి ఆ సంఖ్య బరువు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మీ నాన్నగారిని ఒక మాట అడిగి చూడండి. 2023లో మన జిల్లా సగటు ఉష్ణోగ్రత ఎంతో ఆయన చెప్పలేకపోవచ్చు, కానీ ఆ డిసెంబరు మొదటి వారం ఆయనకు బాగా గుర్తుండి ఉంటుంది. మిచాంగ్ తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటేలోపే నెల్లూరు జిల్లాలో నారుమళ్లు నీట మునిగాయి. మన ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురుస్తుంది. ఆ మూడు నెలల మొత్తం లెక్కలో సరిగ్గానే ఉన్నా, అది రెండు రోజుల్లో కుమ్మరించిందా, నలభై రోజుల్లో సర్దుకుని కురిసిందా అన్నదాన్నిబట్టే పైరు బతుకు తేలుతుంది. సగటు అంకె చేను కథ చెప్పదని తెలియడానికి రైతుకు చదువు అక్కరలేదు. ఆ ఎరుకనే మీరు ధ్రువపు నేలకు తీసుకువెళ్తున్నారు. మన పైరును వదిలి ఎక్కడికో పోతున్నానన్న సంకోచం మీకు అవసరం లేదు.

ప్రశ్న: భూమి మొత్తాన్ని లెక్కగట్టే మోడల్లో వేలెడంత మొక్కకు చోటెక్కడ ఉంటుంది? అటువంటి మోడళ్లను నమ్మడం ఎలా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: రెండో ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. కార్బన్ డయాక్సైడు రెట్టింపైతే భూమి ఉపరితలం సుమారు 2.3 డిగ్రీలు వేడెక్కుతుందని వాతావరణ శాస్త్రవేత్తలు సుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ 1967లో లెక్కగట్టారు. ఆ వేడి ధ్రువాల వైపు మరింత ఎక్కువగా పెరుగుతుందని 1975లో వారి మోడలే చూపింది. అప్పటికి దాన్ని సరిచూడగలిగినన్ని కొలతలు లేవు. తరవాతి దశాబ్దాల్లో కొలిచి చూస్తే ఆర్కిటిక్‌లో జరిగింది అదే. మనాబేకు 2021లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమతి లభించింది. గాలి, నీరు, వేడి కదలికల విషయంలో ఈ మోడళ్లు గట్టి పునాది మీదనే నిలబడి ఉన్నాయి.

మొక్కల విషయంలో మాత్రం మీ సందేహం సరైనదే. మోడల్ భూమిని గళ్లుగా విడగొడుతుంది. చాలా మోడళ్లలో ఒక గడి పక్క కొలత సుమారు 100 కిలోమీటర్లు, అంటే నెల్లూరు నుంచి దాదాపు ఒంగోలు దాకా ఒకే గడి అన్నమాట. మన గడిలో వరి పొలం, రొయ్యల చెరువు, సరుగుడు తోట, పొగాకు చేను అన్నీ ఉన్నా, మోడల్‌కు కనిపించేది పంట ఇంత శాతం, గడ్డి ఇంత శాతం, చెట్లు ఇంత శాతం అన్న లెక్కే. ఆర్కిటిక్ గళ్లకూ ఇదే పద్ధతి. వేల జాతులను కొద్ది తరగతుల్లో సర్దుతారు: ఆకు రాల్చే పొద, ఆకు రాల్చని పొద, చలిప్రాంతపు గడ్డి, ఇలా. టండ్రా నేలను పరుపులా కప్పి వేడిని అడ్డుకునే నాచులకూ, లైకెన్లకూ చాలా మోడళ్లలో తగిన చోటే లేదు. చలికాలంలో మంచు దుప్పటి కరిగి మొక్క ఎండిపోయే పై సంఘటన కూడా చాలా మోడళ్లలో సరిగా జరగదు. వెచ్చదనం వచ్చింది కనుక మొక్క పెరిగిందని మోడల్ రాసుకుంటుంది. నేలలో కర్బనం నిలిచే లెక్కలో ఇది చిన్న పొరపాటు కాదు.

దాన్ని దిద్దే పని చాలా వరకు ఒక్క చోటి నుంచి మొదలవుతుంది. స్వీడన్ ఉత్తరాన అబిస్కో పరిశోధన కేంద్రంలో 1913 నుంచి వాతావరణ కొలతలు తీస్తున్నారు. అటువంటి చోటి వాతావరణాన్ని గంటగంటకూ మోడల్‌కు అందించి, మంచు ఎంత మందాన నిలిచింది, దాని కింద నేల ఎంత చల్లబడింది, మొక్క ఎంత కర్బనం పీల్చింది అన్నవి మోడల్ చెప్పినదానికీ, నేల మీద కొలిచినదానికీ పోల్చి చూస్తారు. తేడా ఎక్కడ మొదలవుతోందో పట్టుకోవడానికే ఒక పరిశోధక విద్యార్థికి ఏడాది పట్టవచ్చు. 1990లో మొదలైన అంతర్జాతీయ టండ్రా ప్రయోగం ఇక్కడ ఎంతో ఉపయోగపడుతుంది. అందులో పైకప్పు లేని చిన్న పారదర్శకపు అరలను మొక్కల చుట్టూ నిలిపి, లోపలి గాలిని ఒకటి నుంచి మూడు డిగ్రీల దాకా వెచ్చబరిచి, ఏళ్ల తరబడి మార్పులను నమోదు చేస్తున్నారు. ఆ అరలు నెమ్మదిగా పెరిగే వేడిని చక్కగా చూపుతాయి, కానీ నాలుగు రోజుల విపరీతాన్ని చూపడానికి వేరే ప్రయోగాలు కావాలి. ఈ లోటును గుర్తించి పనిచేసేవారు ఇంకా చాలమంది రావాలని నా కోరిక.

ప్రశ్న: ఎక్కడో ఉత్తర ధ్రువం దగ్గర మొక్కలు ఎండితే మా ఊరి వానకూ, మా సముద్రానికీ ఏమి సంబంధం?
— ఒక మిర్చి రైతు, సింగరాయకొండ దగ్గర

జవాబు: అక్కడి నేలలో నుంచి బయటపడిన కర్బనం అక్కడే ఉండిపోదు. ఏడాది రెండేళ్లలో భూమి చుట్టూ ఉన్న గాలిలో కలిసిపోతుంది, మనకు తగిలే వేడిలో దాని వాటా కూడా ఉంటుంది. వానల విషయంలో నేరుగా ఉన్న సంబంధం మీద పరిశోధన ఇంకా సాగుతోంది. రష్యాకు ఉత్తరాన ఉన్న కారా సముద్రంలో వేసవి మంచు తగ్గడానికీ, మధ్య భారతంలో రుతుపవనాల చివర కురిసే అతి భారీ వానలకూ సంబంధం ఉండవచ్చని గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2021లో సూచించారు. మన తీరపు తుపానులకు దీన్ని అంటగట్టకూడదు. ఇక కరిగే మంచులో సముద్రమట్టాన్ని పెంచేది నేల మీది నుంచి కరిగి వచ్చే గ్రీన్లాండ్ వంటి చోట్ల మంచు. నీటి మీద తేలే మంచు కరిగినంత మాత్రాన మట్టం పెరగదు.

ప్రశ్న: నేను భౌతికశాస్త్రం చదివాను, మొక్కల గురించి అంతగా తెలియదు. విదేశాలకు వెళ్లే స్తోమత లేదు. నాకు ఇందులో చోటుందా?
— ఒక విద్యార్థి, కావలి

జవాబు: ఉంది. మోడళ్ల పనికి గణితం, భౌతికశాస్త్రం తెలిసినవారే ఎక్కువగా కావాలి. మొక్కల సంగతి చదువుకుంటూ నేర్చుకోవచ్చు. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అర్హత వస్తే 2023 నుంచి నెలకు రూ. 37,000 ఫెలోషిప్ ఇస్తున్నారు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ (ఐఐటీఎం) సొంతంగా భూవ్యవస్థ మోడల్‌ను తయారుచేసి ప్రపంచ మోడళ్ల పోలికలో నిలిపింది. బెంగళూరు ఐఐఎస్‌సీ, ఢిల్లీ ఐఐటీ, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో కూడా వాతావరణ శాస్త్ర విభాగాలు ఉన్నాయి. స్వాల్‌బార్డ్‌లోని నీ ఒలసుంద్‌లో మన దేశపు హిమాద్రి కేంద్రం 2008 జులై నుంచి పనిచేస్తోంది. 2023 డిసెంబరులో మొదలుపెట్టి శీతాకాలంలో కూడా అక్కడికి బృందాలను పంపుతున్నారు. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా అక్కడ సూర్యుడు ఉదయించడు. సూర్యకాంతి మీద ఆధారపడి పచ్చదనాన్ని కొలిచే ఉపగ్రహాలకు ఆ చీకటిలో మొక్కలు కనబడవు కనుక, చలికాలపు సంఘటనలను అర్థం చేసుకోవడానికి అక్కడ మనుషులు ఉండి తీసే కొలతలు ఎంతో విలువైనవి.

ఎవరి అనుమతీ లేకుండా మీరు ఇప్పుడే చేయగలిగిన పని ఒకటి ఉంది. ఐరోపా వారి ఈఆర్ఏ5 సమాచారంలో 1940 నుంచి ప్రపంచమంతటి వాతావరణం గంటగంటకూ, సుమారు 31 కిలోమీటర్ల గళ్లలో, ఉచితంగా దొరుకుతుంది. పైథాన్ అనే కంప్యూటరు భాషను కొంచెం నేర్చుకుని, ముందు కావలి ఉన్న గడిలో 2023 డిసెంబరు మొదటి వారపు వానను గీయండి. ఆ వారం మీకు తెలుసు కనుక గీత ఎంత వరకు నిజం చెబుతోందో మీరే చెప్పగలరు. తరవాత స్కాండినేవియా ఉత్తరాన ఉన్న గడికి 2007 డిసెంబరు ఉష్ణోగ్రతను, మంచు మందాన్ని ఒకదాని కింద ఒకటి గీసి, ఏ రోజున మంచు పోయిందో, ఎన్ని రోజులకు చలి తిరిగి వచ్చిందో గుర్తు పెట్టి చూడండి.