“జడుసుకున్నావు” అన్న మాటను కౌన్సెలర్‌కు అలాగే చెప్పండి

ప్రశ్న: నా వయసు 34. ఎనిమిది నెలల క్రితం మా కారుకు ప్రమాదం జరిగింది. దెబ్బలు మానాయి గానీ హారన్ వినబడితే చాలు గుండె దడ, ఛాతీ మీద బండ పెట్టినట్టు బరువు. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాను. కారెక్కడం మానేశాను. అత్తగారు “జడుసుకున్నావు” అంటారు. మన భాష రాని కౌన్సెలర్ దగ్గరికి రెండుసార్లు వెళ్లాను. ఒత్తిడికి మూలం అత్తగారేనని, వేరు కాపురం ఆలోచించమని అన్నారు. మళ్లీ వెళ్లబుద్ధి కావడం లేదు. మనవాళ్లెవరైనా దొరికేదాకా ఆగనా?

జవాబు: ఆగకండి. ఇలాంటి లక్షణాలు నెల దాటినా తగ్గకుండా రోజువారీ పనులకు అడ్డుపడుతుంటే పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత మనసును వదలని భయం, ఆందోళనల జబ్బు) ఉందేమో పరీక్షించాల్సిందే. ముందుగా డాక్టరుతో ఈసీజీ, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించుకోండి. ఛాతీ బరువును మనసు ఖాతాలో వేసేది ఆ తర్వాతే.

మీ కౌన్సెలర్ పొరపాటు భాష రాకపోవడం కాదు, అడగకపోవడం. మానసిక సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికా గ్రంథం డీఎస్‌ఎం-5 (2013)లో ‘కల్చరల్ ఫార్ములేషన్ ఇంటర్వ్యూ’ అని 16 ప్రశ్నలున్నాయి. మీ బాధను మీరేమంటారు, ఇంట్లోవాళ్లేమంటారు, ఎందుకొచ్చిందనుకుంటున్నారు, ఎవరి తోడు ఉంది, ఇలా సాగుతాయి. వాటిని కౌన్సెలర్ అడగకపోతే మీరే చెప్పండి. ఇంటి దగ్గర అర పేజీ తెలుగులో రాసుకుని, సెషన్‌లో ముందు తెలుగులోనే చదివి, తర్వాత అర్థం చెప్పండి. “బండ పెట్టినట్టు” అన్నది “స్ట్రెస్”గా మారిన చోటే సగం విషయం జారిపోతుంది. పైగా పరాయి భాషలో ప్రమాదం గురించి తొణక్కుండా చెప్పేయగలం. అది విని మీరు కోలుకున్నారని కౌన్సెలర్ అనుకోవచ్చు. దుబాసీ కావాలంటే బయటివాళ్లే ఉండాలి, మీవారు వద్దు. ఆయన ముందు మీరు కొన్ని దాస్తారు, ఆయనా కొన్ని మింగేస్తారు.

“మనవాళ్లు” అయితే చాలనుకోవడమూ పొరపాటే. మన మాట తెలిసిన మనిషి కూడా “సర్దుకుపో” అని పంపేయవచ్చు. అడగాల్సింది వేరు: ట్రామాకు, అంటే ఇలాంటి ఘటన మనసుకు చేసిన గాయానికి, ఏ పద్ధతి వాడతారు? ట్రామా ఫోకస్డ్ సీబీటీ (ఆ ఘటన చుట్టూ అల్లుకున్న ఆలోచనలను, అలవాట్లను మార్చేది), ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ (భయపెట్టేదాన్ని మెల్లమెల్లగా ఎదుర్కొనేలా చేసేది), ఈఎండీఆర్ (కళ్లను అటూఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలచుకునేలా చేసేది), వీటిలో ఏదో ఒకదాంట్లో శిక్షణ ఉండాలి. సాధారణంగా 8 నుంచి 15 సెషన్లు పడుతుంది. వారాల తరబడి కబుర్లు, శ్వాస వ్యాయామాలతోనే సరిపెడుతుంటే ఎందుకని నిలదీయండి.

అసలు చికిత్స ఎలా ఉంటుందంటే, భయానికి 0 నుంచి 10 దాకా మార్కులు వేసి మెట్లు కడతారు. ఆగి ఉన్న కారులో ఇంజిన్ ఆపి కూర్చోవడం 3 అనుకుందాం. ఇంజిన్ ఆన్ చేసి కూర్చోవడం 4, వీధి చివరిదాకా వెళ్లిరావడం 6, ప్రమాదం జరిగిన దారి 9. ఒక్కో మెట్టు మీద 30 నుంచి 45 నిమిషాలు, దడ సగానికి దిగేదాకా ఉండాలి. వారంలో నాలుగైదు రోజులు చేయాలి. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే: దడ 8కి చేరగానే దిగిపోతారు. దిగగానే హాయిగా ఉంటుంది కదా, “దిగాను కాబట్టే బతికాను” అని మెదడు నేర్చుకుంటుంది. మరుసటి రోజు భయం మరింత. కళ్లు మూసుకోవడం, డోర్ హ్యాండిల్ పట్టుకునే కూర్చోవడం కూడా ఇదే పని చేస్తాయి. కింది మెట్లు ఇంటి దగ్గర చేయవచ్చు గానీ, ప్రమాదాన్ని మళ్లీ గుర్తుచేసుకునే పని మాత్రం థెరపిస్టు దగ్గరే. నిద్ర కోసం బెంజోడయజెపైన్ రకం (ఆందోళన తగ్గించి మత్తునిచ్చే) మాత్రలు సొంతంగా మొదలుపెట్టకండి. అలవాటు పడిపోతాయి, పీటీఎస్‌డీని తగ్గించవు.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే సెషన్ దాకా ఆగొద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ఇక అత్తగారు. మీరు కారెక్కడం లేదని బయటి పనులన్నీ ఇంట్లోవాళ్లే చేసిపెడుతున్నారేమో చూడండి. ప్రేమతోనే చేస్తారు గానీ అది భయాన్ని మేపడమే. ఒక సెషన్‌కు, మీకు ఇష్టమైతేనే, ఆవిడను తీసుకెళ్లి ఆ మెట్ల కాగితం చూపించమని థెరపిస్టును అడగండి. ఈ వారం ఏ పని మీకే వదిలేయాలో అక్కడే తేల్చుకోవచ్చు.