మీ అమ్మ పూజగది జోలికి వెళ్ళకు నాన్నా

చిన్నా,

నువ్వు బాప్తిస్మం తీసుకుంటున్నావని పెదనాన్న చెప్పగానే దేవునికి స్తోత్రం అనుకున్నాను, ఆ వెంటనే గుండెదడ మొదలైంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఇంట్లో పటాలన్నీ తీసి పారేస్తానన్నావట. ఎవరింట్లోరా? అది మీ అమ్మ ఇల్లు.

బైబిలు రోజూ చదువు, మార్కు సువార్తతో మొదలుపెట్టు. ఆదివారం మందిరం మానకు. బాప్తిస్మానికి ఇంకో జత బట్టలు పట్టుకెళ్ళు. ఇవన్నీ మీ పాస్టరుగారు ఎలాగూ చెప్తారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది.

పెదనాన్న కొత్తగా రక్షణ పొందిన రోజుల్లో మంచి ఆవేశం మీద ఉండేవాడు. మా అత్తగారు పొలం వెళ్ళిన టైమ్ చూసి, గూట్లో పటాలన్నీ గోనెసంచిలో కుక్కి కాలవలో పడేసి వచ్చాడు. అందులో వెంకటేశ్వరస్వామి పటం ఆమె పెళ్ళికి పుట్టింటివాళ్ళు ఇచ్చింది, అద్దం మీద ఏళ్ళ తరబడి పెట్టిన బొట్లు ఎండి పెచ్చుకట్టి ఉండేవి. వచ్చి చూసింది, ఒక్క మాట అనలేదు. తిట్టినా బావుండేది. మర్నాడు తెల్లారే స్నానం చేసి, ఆ ఖాళీ గూడు తడిబట్టతో తుడిచి, బియ్యప్పిండితో చిన్న ముగ్గేసి దణ్ణం పెట్టుకుంది. ఇక రోజూ అంతే. కాలవలో పడేసినందువల్ల పూజేమైనా ఆగిందా? ఆయన ప్రార్థనకి కూర్చుంటే ఆమె లేచి అరుగు మీదకి వెళ్ళిపోయేది. మంచాన పడ్డాక నేను దగ్గరుండి అన్నీ చేశాను, ఆఖర్లో నన్ను కూతురా అని పిలిచేది కూడా. అయినా యేసయ్య పేరెత్తితే చాలు, మొహం తిప్పేసుకునేది. ఆ పేరు వింటే ఆమెకి గుర్తొచ్చేది ఆ గోనెసంచే.

బైబిల్లో గిద్యోను తన తండ్రికున్న బయలు దేవుడి బలిపీఠం పడగొట్టలేదా అంటావు. పెదనాన్న కూడా అదే అన్నాడు. గిద్యోనుకి దేవుడు చెప్పాడు, నీకు చెప్పాడా? పౌలు ఏథెన్సులో ఊరినిండా విగ్రహాలు చూసి లోపల ఎంత ఉడికిపోయినా ఒక్కదాన్నీ ముట్టుకోలేదు, నిలబడి మాట్లాడాడంతే. ఎఫెసులో పెద్ద గొడవైనప్పుడు అక్కడి కరణమే లేచి, పౌలుతో వచ్చిన వీళ్ళు గుడి దోచినవాళ్ళూ కాదు, మన దేవతని తిట్టినవాళ్ళూ కాదు అన్నాడు, అపొస్తలుల కార్యాలు 19లో చూడు. అదే అధ్యాయంలో 50,000 వెండి నాణేల ఖరీదు చేసే మంత్రాల పుస్తకాలు తగలబెట్టారు కదా అంటావేమో, అవి ఎవరివి? వాళ్ళ సొంతవి. నీ మొలతాడుకున్న తాయెత్తు, నీ ఫోన్లో రాశిఫలాల యాప్, అవి నీవి, తీసెయ్.

అమ్మ ప్రసాదం ఇస్తే వద్దమ్మా అని చెయ్యి పట్టుకుని చెప్పు, పళ్ళెం పక్కకి నెట్టకు. అన్నవరం తీసుకెళ్ళమంటే తీసుకెళ్ళి కింద కూర్చో. ఈ మాట మా పాస్టరుగారు ఒప్పుకోరు గానీ, సిరియా సైన్యాధిపతి నయమాను తన రాజుని పట్టుకుని రిమ్మోను అనే వాళ్ళ దేవుడి గుళ్ళోకి వెళ్ళాల్సి వస్తుంది, క్షమించమని అడిగితే, ఎలీషా ప్రవక్త అతన్ని సమాధానంగా వెళ్ళమన్నాడు. నాకు అది చాలు.

అసలు భయం ఇంకోటుంది. వీసా కోసం చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేశావు, వస్తే 108 చేస్తానన్నావు. ఇప్పుడు అదే వీసా కోసం ఉపవాసాలుంటున్నావని మీ చెల్లి చెప్పింది. రాకపోతే యేసయ్యని కూడా మార్చేస్తావా? ధనాపేక్ష విగ్రహారాధనే అని పౌలు కొలొస్సయులకి రాసింది ఊరికే కాదురా. రూమ్‌లో ప్రార్థన చేసిన నూనె సీసా, ఎవరో దైవజనుడి ఫోటో ఉన్న క్యాలెండరూ పెట్టుకున్నావట. మోషే ఇత్తడి సర్పం చేసింది దేవుడు చెప్పబట్టే, పాము కరిచి కూడా దాన్ని చూసి బతికినవాళ్ళున్నారు, అయినా జనం దానికే ధూపం వేయడం మొదలెట్టాక హిజ్కియా రాజు ముక్కలు చేశాడు. పగలగొట్టాలని అంత చెయ్యి దురదగా ఉంటే ఆ సీసాతో మొదలుపెట్టు.

కోప్పడ్డాననుకోకు. మా పుట్టింటి వైపు నుంచి ఇన్నేళ్ళకి నువ్వొక్కడివి వస్తున్నావు, నా సంతోషం నీకెలా చెప్పను. కానీ ఆదివారంలోపు అమ్మకి నువ్వే ఫోన్ చేసి చెప్పు, నీ వాట్సాప్ స్టేటస్‌లో ఫోటో చూసి దానికి తెలియకూడదు. ఏడుస్తుంది, ఏడవనీ, ఫోన్ పెట్టెయ్యకు. ఎదురు వాదించకు, వాక్యాలు చెప్పకు. నువ్వు మాట్లాడాక నాకు చెప్తే ఆ సాయంత్రమే బస్సెక్కి దాని దగ్గరికి వెళ్తాను.

బాప్తిస్మానికి మేమిద్దరం ముందురోజే వస్తాం. ఆవకాయ తేనా, గోంగూర తేనా?

మీ పెద్దమ్మ